కంటి ఆసుపత్రిలో దొంగ ప్రోగ్రామ్

కంటి ఆసుపత్రి కంప్యూటర్ల ఇన్‌చార్జి ఆ ఉదయం పెట్టుకున్న పనులు రెండే. మధ్యాహ్నంలోగా మెషిన్లన్నీ ఓసారి చూసేసి, అక్క ఇంటికి వెళ్ళి ఆమెతో మాట కలపాలి. అక్క అలగడానికి కారణం ఉంది. ఆమె కూతురు మొన్నటిదాకా ఆ ఆసుపత్రిలోనే ప్రోగ్రామర్. "సిస్టమ్ అంతా కంపెనీవాళ్ళు మూసి ఇచ్చిన పెట్టె. లోపలి కోడ్ మనకి కనబడదు. ఇక ప్రోగ్రామర్ చేసేదేముందండీ?" అని పెద్ద డాక్టరుగారికి చెప్పి, మేనకోడలి ఉద్యోగం ఊడగొట్టింది ఈయనే.

రిసెప్షన్ మెషిన్‌లో పేరూ ఊరూ లేని ప్రోగ్రామ్ ఒకటి నడుస్తోంది. ఎవరో దొంగతనంగా దూర్చిందే అనుకుని, వెంటనే దాన్ని తీసిపారేశాడు. మరుక్షణం ఆ మెషిన్‌కి నెట్‌వర్క్ తెగిపోయింది.

"దొంగ ఎదురుతిరిగాడు," అన్నాడు.

"ఇక్కడ పేషెంట్లు కూడా ఎదురుతిరిగేలా ఉన్నారు సార్," అంది రిసెప్షనిస్టు.

మందుల గదిలోనూ అదే ప్రోగ్రామ్. తీశాడు, అదీ తెగింది. "నాది బాగానే ఉందండీ, దాని జోలికి రాకండి," అని కళ్ళజోళ్ళ కౌంటర్‌లో ఆయన అడ్డం పడ్డా వినలేదు. కాసేపటికి, కళ్ళలో చుక్కలు వేయించుకున్నవాళ్ళకి ఎదుటి మనిషి కనబడటంలేదు, ఎదుటి మనిషికి వాళ్ళ రిపోర్టులు కనబడటంలేదు. ఇక పెద్ద డాక్టరుగారి మెషిన్ ఒక్కటే మిగిలింది.

గత్యంతరం లేక మేనకోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మలూ, దొంగ ప్రోగ్రామొకటి దూరింది. ఎక్కడ తీస్తే అక్కడ నెట్‌వర్క్ కోసేస్తోంది."

"అది నేను రాసిన కాపలా మామయ్యా. లోపలికి తొంగిచూడలేం కాబట్టి, సిస్టమ్ ఏం చేస్తోందో బయటినుంచి కనిపెడుతుంది. ఒకచోట దాన్ని చంపితే, అక్కడ దొంగ పడ్డాడనుకుని మిగతా మెషిన్లలోని కాపలాలు ఆ మెషిన్‌ని వెలేస్తాయి."

"నాకు చెప్పొద్దూ?"

"చెప్పాను. మీరు ఫోన్ చూసుకుంటూ 'సరే సరే' అన్నారు."

ఆమె చెబుతుంటే ఈయన ఒక్కో మెషిన్ దగ్గరా కూర్చుని టైపు చేశాడు. అన్నీ తిరిగి కలిసేసరికి సాయంత్రమైంది.

"వచ్చెయ్ అమ్మలూ. డాక్టరుగారితో నేను మాట్లాడతాను."

"నిన్ననే వేరేచోట చేరాను మామయ్యా."

అంతలో పెద్ద డాక్టరుగారు వచ్చారు.

"దొంగ దొరికాడట?"

"దొరికాడండీ."

"ఎవరు?"

"నేనేనండీ," అన్నాడు తల వంచుకుని.

ఇంటికి వెళ్ళేముందు అక్క తలుపు తట్టాడు. ఆమె కిటికీలోంచి తమ్ముణ్ణి నిదానంగా పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరు కావాలండీ?" అంది.