వజ్రకరూరు గుట్ట మీద రమీజా

ఆ ఆదివారం పొద్దున రమీజా రెండు పనులు పెట్టుకుంది. కూతురి చేత వజ్రకరూరు దగ్గరి గుట్ట ఎక్కించడం, ఆ వంకతో కూతురి కొండలెక్కే క్యాంపును మాన్పించడం. రెండోది తప్పక జరుగుతుందన్న నమ్మకంతోనే మొదటిదానికి ఒప్పుకుంది.

"నా కండ్ల ముందర ఎక్కి దిగు. ముగ్గురిలో ఎవరికన్నా సరే, ఒంటి మీద ఒక్క గీత పడినా ఇంక క్యాంపు మాట ఎత్తొద్దు" అంది.

డిగ్రీ చదివే ఫరీన్ ఏడాదిగా ఆ క్యాంపు కోసమే కలవరిస్తోంది. అందుకే అమ్మకూ, పంక్చర్ షాపు మూసుకుని వచ్చిన నాయన యూసుఫ్‌కూ హెల్మెట్లు పెట్టింది. కాలేజీలో బతిమాలి తెచ్చిన తాడును ముగ్గురి నడుములకూ కట్టింది.

"రాత్రి వాన పడిండాది, రాళ్లు జారతాయి. తల ఎత్తకుండా కింద చూసుకోని అడుగేయండి" అంది.

వజ్రకరూరులో వాన పడ్డ మర్నాడు తల వంచుకుని నడిచేవాళ్లకు ఒకటే పని, వజ్రాలు వెదకడం. మేకలు తోలుకొస్తున్న శ్రీరంగప్ప వాళ్లను చూసి ఆగిపోయాడు.

"ఏమన్నా, దొరికినాదా?"

"ఏం లేదప్పా, ఊరికే ఎక్కుతాండాం" అన్నాడు యూసుఫ్ రొప్పుతూ.

వజ్రం దొరికినవాడు చెప్పే మాట కూడా అదే. శ్రీరంగప్ప మేకలను వాటి మానాన వదిలేసి గుట్టెక్కాడు. "అంచు పక్కకు పోవద్దన్నా, ఆడ రాళ్లు వదులుగా ఉండాయి!" అని ఫరీన్ అరిచింది. దాంతో వజ్రం ఏ పక్క ఉందో అతనికి తెలిసిపోయింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

కాసేపటికి ఆటోలు వచ్చాయి. వెనకే బొరుగులమ్మేవాడూ వచ్చాడు. గుట్ట నిండా వంగిన వీపులే. ఫరీన్ గొంతు పోయేలా హెచ్చరించినా ఎవరూ తల ఎత్తలేదు.

రమీజా కాసేపు వాళ్లను తిట్టింది, కాసేపు చూసింది. తర్వాత భర్త చెవిలో, "ఇంతమంది ఊరికే వస్తారా? ఏదో ఉండాది" అంది.

"మనల్ని చూసే గదా వచ్చినారు!" అని యూసుఫ్ అనేలోపు ఆమె తాడు విప్పేసుకుంది. అంచు దగ్గర ఏదో మెరిసింది. అందుకోబోయి జారి, కింది చరియ మీద కూలబడింది. ఆ చరియ కింద నిలువు లోతు. చేతిలో గాజుపెంకు.

ఫరీన్ రెండు చేతులూ ఎత్తి అరిచింది. "ఎవ్వరూ కదలొద్దండి! మీ కాళ్ల కింది రాయి జారితే మాయమ్మ మీద పడుతుంది!"

ఈసారి తలలన్నీ లేచాయి. ఫరీన్ తన నడుముకూ నాయన నడుముకూ ఉన్న తాడు విప్పి, ఒక కొసను బండకు చుట్టి, రెండో కొసను జారని ముడితో గుండ్రంగా కట్టి కిందికి వదిలింది. "అమ్మీ, చంకల కింద తొడుక్కో. కిందికి చూడొద్దు." యూసుఫ్, శ్రీరంగప్ప మెల్లగా లాగారు.

పైకి చేరిన రమీజా మోచెయ్యి గీరుకుపోయి ఉంది. ఆ గీత చూసి ఫరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ బతికినందుకు ఎంత సంతోషమో, క్యాంపు పోయినందుకు అంత ఏడుపు.

"ఏడుస్తావెందుకే? క్యాంపుకు పో" అంది రమీజా. "తాడిప్పుకున్న బుద్ధిలేనిదాన్ని నేను, నువ్వు కాదు."

ఫరీన్ క్యాంపు నుంచి తిరిగొచ్చేదాకా తాడేసి లాగేవాళ్లు ఇంట్లో లేరని, రమీజా మిద్దె మెట్లు కూడా ఎక్కకుండా యూసుఫ్ కాపలా కాశాడు.