మంత్రిగారి అట్టబొమ్మ

తన కాలవ పాటల గ్రామఫోను రికార్డుకు అట్టబొమ్మ స్వయంగా తానే చిత్రించి పల్నాటి కళాతృష్ణను తీరుస్తానని 1961లో ఉపమంత్రి త్రికోటయ్యగారు నరసరావుపేట సభలో ప్రకటించారు. మామూలు దాహం సంగతి కాలవ చూసుకుంటుందన్నారు. కాలవ ఇంకా రాలేదు గాని, రికార్డులోని పాటలన్నీ అది వచ్చేసిన ఆనందంలో పాడినవే.

మర్నాడే మంత్రిగారి అనుచరుడు కొండలు పిడుగురాళ్ల వెళ్ళి, సైన్‌బోర్డులు రాసే శౌరిని జీపెక్కించుకొచ్చాడు. ఊహ మంత్రిగారిది, కుంచె పట్టుకునే శ్రమ మాత్రం శౌరిది. అతగాడు పొంగిపోయాడు. లారీల మీదా, సోడా కొట్ల మీదా, ఎన్నికల రేకుల మీదా లోకంలోని పేర్లన్నీ రాశాడు గాని, తన పేరు ఎక్కడా రాసుకున్న పాపాన పోలేదు.

"మూలన చిన్నగా నా పేరుంటదా అయ్యా? మా దేవమ్మ చూసుకుని మురిసిపోతది."

"కళాకారుడికి పేరు మీద యావ ఉండకూడదయ్యా" అంటూ మంత్రిగారు తమ పేరు అచ్చుకు పంపారు.

కొండలు పార్టీ ఆఫీసు కొట్టంలోంచి ఎప్పుడో సున్నం కొట్టి పడేసిన పాత రేకొకటి తెచ్చాడు. శౌరి దాని మీద మంత్రిగారి ముఖం, వెనక కాలవ వేశాడు. మంత్రిగారు పెదవి విరిచి, ఢిల్లీ నుంచి తెచ్చుకున్న రికార్డొకటి చూపించారు. దాని అట్ట మీద నాలుగు మరకలూ ఒక గీతా ఉన్నాయి.

"ఇదేందయ్యా?"

"మోడరన్ ఆర్టు. ఇదేమిటో ఎవరికీ తెలీదు. కాబట్టి ఎవరూ నిలదియ్యరు."

శౌరి మంత్రిగారి ముఖానికి సున్నం కొట్టి, నీలం మరక వేశాడు.

"నీలం చూస్తే జనానికి నీళ్ళు గుర్తొస్తాయి. ఎన్నికలు దగ్గరపడ్డాయి. చెరిపెయ్."

పచ్చ వేశాడు.

"పైరేదని అడుగుతారు."

ఎరుపు వేశాడు.

"ఒరేయ్, కమ్యూనిస్టులకి ప్రచారం చేస్తన్నావేందిరా!" అని కొండలు కుంచె లాక్కున్నాడు.

వేసిన ప్రతి రంగు మీదా శౌరి సున్నం కొట్టుకుంటూ పోయాడు. ఎన్నికల గోడల మీద అవతలి పార్టీ గుర్తును చెరిపేది కూడా అట్లాగే. చివరికి మసక మసక మచ్చలు మిగిలాయి.

"అద్భుతం! నా అంతర్మథనమంతా దిగింది!" అని మంత్రిగారు దాన్ని ఫోటో తీయించి అచ్చుకు పంపారు. ఎంత కళ్ళు చికిలించినా శౌరికి సున్నమే కనబడింది. అయినా అది తన చేతి పని. మూలన పేరు లేకపోయేసరికి ప్రాణం చివుక్కుమంది.

ఆవిష్కరణ సభ పొద్దున్నే. మంత్రిగారు ఆనవాయితీ ప్రకారం మధ్యాహ్నం వచ్చారు. అందాకా అసలు బొమ్మ పట్టుగుడ్డ కప్పుకుని వేదిక మీద ఎండలో మాడింది. శౌరి, దేవమ్మ ముందు వరసలో నేల మీద కూర్చున్నారు.

"ఇందులో ప్రతి గీతా నేను నా చేత్తో గీసిందే!" అని మైకులో చెప్పి మంత్రిగారు గుడ్డ లాగారు.

గుడ్డతోపాటు బొమ్మ కూడా వచ్చేసింది. అంతర్మథనమంతా పెచ్చులు పెచ్చులుగా వారి పంచె మీద రాలింది. అడుగున, కిందటి ఎన్నికలప్పుడు శౌరి ఎనామిల్ పెయింటుతో రాసిన గుండ్రటి అక్షరాలు తళతళలాడాయి:

"వచ్చే ఎన్నికల నాటికి కాలవ రాకపోతే నాకు ఓటెయ్యొద్దు. ఇట్లు, మీ త్రికోటయ్య."

చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. మంత్రిగారు తడుముకోకుండా మైకు దగ్గరికి లాక్కున్నారు.

"సోదరులారా! ఈ బొమ్మ నాది కాదు! ఇందులో ప్రతి గీతా, ప్రతి అక్షరం పిడుగురాళ్ల శౌరివే!"

"ఏమయ్యో, మైకులో నీ పేరే!" అని దేవమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

మర్నాడు కొండలు జీపు నిండా రికార్డు అట్టలతో శౌరి ఇంటిముందు దిగాడు.

"సున్నంలో జిగురు కలపలేదేందిరా?"

"గోడలకి కలపం గదన్నా. అదే అలవాటు."

"సరే, వీటి మీద అయ్యగారి పేరు చెరిపి నీ పేరు రాయి."

"మూలన చిన్నగానా అన్నా?"

"మూలనేంది? ఎంత పెద్దగా పడితే అంత పెద్దగా రాయమన్నారు."

శౌరి దేవమ్మ కోసం ఒక అట్టకు జిగురు కలిపి సున్నం కొట్టి, దాని మీద తన పేరు రాశాడు. మిగతావాటికి అలవాటు ప్రకారమే కొట్టాడు.