నంబరున్న చోటే బండి

ఇనుముకి ప్రాణం పోసేది కొలిమి కాదు, కాగితం. నాలుగు చక్రాలూ, ఒక ఇంజనూ, తిప్పడానికి ఒక స్టీరింగూ ఉన్నంత మాత్రాన ఏ వస్తువూ బండి అయిపోదు. ఈ సంగతి ప్రభుత్వంవారు సకాలంలో గుర్తించి, ఏది బండో ఏది కాదో తేల్చడానికి ఒక ఆఫీసు పెట్టి, అందులో మార్పుల విభాగానికి ఒక పెద్ద గుమాస్తాని కూర్చోబెట్టారు. బండికి రంగు మార్చినా, సీటు మార్చినా, హారన్ మోత మార్చినా జనం ఆయన బల్ల ముందుకి రావాల్సిందే. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన ఆమోదించిన దరఖాస్తులు పదకొండు. (అందులో నాలుగు ఆయన జ్వరంతో సెలవులో ఉన్నప్పుడు జరిగిపోయాయి.)

ఆయన వేసే కొర్రీలకి మెచ్చి ఆఫీసంతా చాటుగా ఆయన్ని 'కొర్రీ' అని పిలిచేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. చాటున అన్నా సరే, చివర 'గారు' తగిలించడం లేదన్నదే ఆయన బాధ.

కొర్రీ గారు జీవితంలో రాసిన గొప్ప వాక్యం నలభై ఒకటో సర్క్యులర్‌లో ఉంది. 'ఛాసిస్ నంబరు ఎక్కడుండునో బండి అక్కడుండును. నంబరు లేనిది ఎంత కదిలినను బండి కాదు.' దాన్ని అద్దం కట్టించి, కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడు. పిల్లల ఫొటోలు పక్క గోడకి జరిగాయి.

అలాంటి మనిషికి యాభై రెండో ఏట బండరాళ్ళెక్కే బండి మీద మోజు పుట్టింది.

ఊరి చివర పెద్ద పెద్ద గుండ్రాళ్ళ గుట్ట ఒకటుంది. ఏడాదికొక ఆదివారం అక్కడ గొట్టాల బండ్లవాళ్ళు చేరి గుట్టెక్కుతారు. పోయినేడాది ఆయన వాళ్ళ కాగితాలు చూసి నాలుగు కొర్రీలు వేసొద్దామని వెళ్ళాడు. తలుపుల్లేని, కప్పులేని, ఒట్టి గొట్టాల పంజరంలాంటి బండి ఒకటి, ఒక చక్రం గాల్లో వదిలేసి, మిగతా మూడింటితో బల్లిలా బండని కరుచుకుని, మనిషి నడక కంటే నిదానంగా పైకి పాకుతోంది. కొర్రీ గారు నోరు తెరుచుకుని చూశాడు. అది అచ్చం ఫైలు కదిలే వేగం. అయినా పైకి చేరింది! ఫైళ్ళలో ఆయన ఎన్నడూ చూడని వింత ఇది. తెచ్చుకున్న కొర్రీల పుస్తకం తెరవకుండానే ఇంటికొచ్చేశాడు.

ఆయన బావమరిది వెల్డింగు పనివాడు. అతని షెడ్డు వెనక, నాలుగు చక్రాలకీ ఇంజను పట్టు అందే పాత ట్రక్కు ఒకటి తుప్పు పట్టి పడుంది.

"ఇది నీకెందుకు బావా? రివర్సు గేరంటేనే నీకు చెమటలు పడతాయి" అన్నాడు బావమరిది.

"పైకెళ్ళేవాడికి రివర్సుతో పనేంట్రా?"

ట్రక్కు కొర్రీ గారి ఇంటికొచ్చింది. పది నెలలు ప్రతి సెలవురోజూ పనే. బావమరిది రేకు బాడీ మొత్తం ఊడబెరికి, గొట్టాలు వంచి, కోసి, అతికి పంజరం కట్టాడు. కొర్రీ గారి పని గొట్టం అవతలి కొస పట్టుకోవడం. అంతటితో ఊరుకుంటే ఆయన కొర్రీ ఎందుకవుతాడు? గొట్టానికో ఫైలు తెరిచాడు. 'పద్నాలుగో గొట్టము వంపు రెండు డిగ్రీలు అధికమైనది, వివరణ కోరడమైనది' అని కాగితం అందిస్తే, బావమరిది దాంతో చేతుల గ్రీజు తుడుచుకునేవాడు. (తుడుచుకున్నట్టు ఫైల్లో నమోదైంది.)

ఒకరోజు బావమరిది బండి అడుగున ఉండే ఛాసిస్ చట్రం వెనక భాగాన్ని కాలితో తన్ని, "బండ దిగేటప్పుడు ఈ తోక రాయికి కొట్టుకుంటుంది. కోసేద్దాం బావా" అన్నాడు.

"తప్పదా?"

"బండ మీద దిష్టిబొమ్మలా వేలాడాలని ఉంటే ఉంచుకో."

కొర్రీ గారు ఆలోచించి సంతకం పెట్టాడు. జీవితంలో పన్నెండో ఆమోదం.

కోసిన ముక్క నాలుగడుగులుంది. దండెం కట్టుకోవడానికి పెరట్లో ఒక గుంజ పాతమని రెండేళ్ళుగా అక్క పోరుతున్న సంగతి బావమరిదికి గుర్తొచ్చింది. ఆ ముక్కకి పైన గొట్టం అతికి ఎత్తు పెంచి, సిమెంటు పోసి పాతేశాడు. "ఈ బండి వల్ల నాకొచ్చిన సుఖం ఇదొక్కటే" అని ఆవిడ అదేరోజు దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది.

గుట్టెక్కే ఆదివారం ఇంకో నెల ఉందనగా కొర్రీ గారు దరఖాస్తు పెట్టాడు. అనుమతి కాగితం లేకుండా బండి గేటు దాటకూడదు. సొంత ఫైలు సొంత చేత్తో ముట్టుకోకూడదు కాబట్టి అది పక్క బల్ల మీదున్న చిన్న గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. చిన్న గుమాస్తా ఆయన దగ్గరుండి తయారుచేసుకున్న శిష్యుడు. ఫైలు రెండు బల్లల మధ్య జానెడు దూరాన్ని మూడు వారాల్లో దాటింది.

"అన్నీ దివ్యంగా ఉన్నాయి గురువుగారూ. ఛాసిస్ నంబరు పెన్సిలు అచ్చు ఒక్కటే జతపరచలేదు" అన్నాడు శిష్యుడు.

"నేనెవర్నో తెలిసే కొర్రీ వేశావా?"

"తెలుసు కాబట్టే ఎర్ర సిరా వాడలేదండీ. నీలంతో వేశాను."

నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి, దాన్నే అచ్చంటారు. అలాంటి అచ్చులు కొర్రీ గారు వేలల్లో చూశాడు. అంకె మసగ్గా ఉందని సగానికి సగం తిప్పి పంపాడు. కానీ ఆ నంబరు ఇనుము మీద ఏ మూలన ఉంటుందో ఒక్కనాడూ వంగి చూసిన పాపాన పోలేదు. (వంగడం దరఖాస్తుదారుల విధి.)

ఆ సాయంత్రం మొదటిసారి వంగాడు. తర్వాత పడుకున్నాడు. తర్వాత పాకాడు. వీపంతా గ్రీజుతో బండి కిందనుంచి బయటికొచ్చేసరికి, భార్య తడిబట్టల గంపతో నిలబడి ఉంది.

"ఏం పోయిందండీ?"

"నంబరు."

"అంకెలేనా? నా దండెం గుంజ మీద ఏవో ఉన్నాయి. ఆరేసేటప్పుడు రోజూ చేతికి గరుగ్గా తగుల్తుంటాయి."

కబురందుకుని బావమరిది వచ్చి గుంజ చూసి నవ్వాడు. "ఓస్, ఇంతేనా? ఆ ముక్క కోసి దీనికి అతికేస్తే అరగంట పని."

"నంబరున్న ఇనుముని చోటు మారిస్తే నేరం. ముప్పై మూడో సర్క్యులర్."

"ఏ మహానుభావుడు రాశాడు బావా అది?"

"ఇంకెవరు, మీ బావే" అంది అక్క, దుప్పటి పిండుతూ.

నంబరు దండెం గుంజ మీదుందని కొర్రీ గారు నీలం కొర్రీకి జవాబు రాసిచ్చాడు. శుక్రవారం శిష్యుడు అట్టకి ఫారం తగిలించుకుని తనిఖీకి వచ్చాడు. గొట్టాల బండిని పక్కనుంచి దాటుకుని, తిన్నగా పెరట్లోకి వెళ్ళి, దండెం గుంజ ముందు నిలబడ్డాడు. అచ్చు తీసుకుని చూసుకున్నాడు. ప్రతి అంకే ముత్యంలా పడింది.

"పొగ, లేదు" అని చదువుతూ రాశాడు. "మోత, లేదు. అతివేగము, అవకాశము లేదు. టైర్ల అరుగుదల, కనిపించలేదు. బ్రేకులు..." గుంజని భుజంతో గట్టిగా నెట్టి చూశాడు. "అత్యుత్తమము."

"బండి ఇక్కడుంటే అక్కడేం రాస్తున్నావయ్యా!" కొర్రీ గారు గొట్టాల పంజరాన్ని పట్టుకుని ఊపాడు.

"అదేంటండీ?"

"బండి!"

"నంబరుందాండీ?" శిష్యుడి గొంతులో వెటకారం లేదు, భక్తే ఉంది. "కళ్ళని నమ్మకు, కాగితాన్ని నమ్ము అని మీరేగా నేర్పారు."

దండెం గుంజకి రెండేళ్ళ ఫిట్‌నెస్ వచ్చింది. గొట్టాల బండి 'ఇనప సామాను, నడుచునది' అని నమోదైంది. పెద్ద లారీలో ఎక్కించి గుట్టకి చేరుద్దామన్నా, ఇనప సామాను రవాణా ఫారంలో గమ్యం అన్న గడిలో తుక్కు మిల్లు అని ముందే అచ్చువేసి ఉంది. (ఆ ఫారం ఎవరి రచనో బావమరిది ఈసారి అడగలేదు.)

వెళ్తూ వెళ్తూ శిష్యుడు ఆగాడు. "ఒక్క దారుంది గురువుగారూ. నలభై ఒకటి పొరపాటు, రద్దు చేస్తున్నాను అని ఒక్క వాక్యం రాసివ్వండి. ఈ ఫారం చించేసి, బండికి ఇక్కడే సంతకం పెడతాను. ఎల్లుండి గుట్టెక్కుతారు."

"రాసెయ్ బావా. ఒక్క వాక్యం" అన్నాడు బావమరిది.

కొర్రీ గారు బండి సీట్లో కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని కలం తీశాడు. 'నలభై ఒకటో సర్క్యులర్' అని రాశాడు. అంతలో, ఆ వాక్యం చూపించి తిప్పి పంపిన మనుషులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వరదలో మునిగి నంబరు తుప్పు తినేసిన పాలబండి ఆయన. ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన అంబులెన్సు డ్రైవరు, ఏడుసార్లు తిరిగాడు. అది పొరపాటని ఇప్పుడు రాస్తే, వాళ్ళకి జరిగింది ఎవరి పొరపాటో కూడా రాయాలి. ఆ గడి ఏ ఫారంలోనూ లేదు. ఎందుకంటే ఫారాలన్నీ ఆయనే తయారుచేశాడు.

కలం మూత పెట్టేశాడు.

"వాక్యంలో లోపమేం కనపళ్ళేదయ్యా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బావమరిది ఎవరి బండి వెనకో వేలాడుతూ గుట్టకి వెళ్ళిపోయాడు. ఇంజన్ల మోత పెరటిదాకా వినపడుతోంది. కొర్రీ గారు ఇనప సామాను సీట్లో కూర్చుని, బెల్టు కూడా పెట్టుకుని, కదలకుండా గుట్టవైపు చూస్తున్నాడు. భార్య గంపతో వచ్చి, నీళ్ళోడుతున్న దుప్పటి దండెం మీదకి ఎత్తింది.

"ఆగు" అన్నాడు ఆయన. "దానికి సరుకెత్తే అనుమతి లేదు."

"ఎవరివ్వాలి?"

"నేనే."

"ఇవ్వొచ్చుగా మరి?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"దరఖాస్తు పెట్టుకో, చూద్దాం."