కౌసల్యవ్వ చెరిగిన పూలు

దేవరుప్పుల నుంచి నర్సింహులపేట దాకా, ఆకు చూసి మొక్క పేరు చెప్పడంలో నన్ను మించినవాడు ఆ రోజుల్లో లేడు. కళ్ళకు గంతలు కట్టి ఆకు వాసన చూపించినా చెప్పేవాణ్ణి. మా ఊరి ఆవులు కొత్త గడ్డి కనబడితే ముందు నా మొహం చూసి, నేను తలూపాకే నోరు పెట్టేవి. ఈ సంగతి ముందే చెప్పి పెట్టడం మంచిది. ఎందుకంటే ఈ కథ మా పక్కింటి విమలది, ఆమె అత్త కౌసల్యవ్వది, ఇంకా ఆరు మొక్కలది.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, రోహిణి కార్తె ఎండలు. విమల మొగుడు ప్రభాకర్ జనగామలో గుమాస్తా. ఆఫీసు పని మీద పట్నం పోయి, వచ్చేటప్పుడు పెళ్ళానికి ఒక పూల విత్తనాల పొట్లం తెచ్చాడు. పొట్లం మీద రంగుల బొమ్మ: నడుమ పసుప్పచ్చని బొట్టు, చుట్టూ ఎనిమిది గులాబీ రంగు రేకలు. పేరు ఇంగ్లీషులో ఉంది. ప్రభాకర్ రెండుసార్లు చదివాడు, రెండుసార్లూ రెండు రకాలుగా వచ్చింది. చూడబోతే చామంతి పోలిక, వచ్చింది పట్నం నుంచి. పట్నం చామంతి అని పేరు పెట్టుకున్నారు.

విమల ఆ ఇంటికి వచ్చి అయిదేళ్ళు. ఆ ఇంట్లో చెంబు మొదలు చేను దాకా అన్నీ కౌసల్యవ్వవే. పొట్లం వచ్చిన మర్నాడు పొద్దున విమల ధైర్యం చేసి, బోళ్ళు తోమే బండ పక్కన నులక మంచమంత జాగ అడిగింది.

"ఆడ దూడను కట్టేద్దామనుకున్న" అంది కౌసల్యవ్వ.

"ఒక్క ఏడాది నాకియ్యి అత్తమ్మా. మిరుగు వాన పడంగనే విత్తుత. బతుకమ్మకు మన ఇంటి పువ్వే పేరుద్దాం."

"బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి నీ పువ్వు పూస్తే జాగ నీదే. నేను సచ్చేదాక అడగ. పూయకుంటె దూడది."

విమల నీళ్ళకు పోయింది. కౌసల్యవ్వ పొట్లం విప్పి చూసింది. లోపల సన్నటి నల్లటి పుల్లలు, పొట్టు, వంకర ముక్కలు. గింజ అన్నది లేదు. నలభై ఏళ్ళుగా విత్తనం చెరగకుండా చేనుకు పంపని ఇల్లాలు ఆమె. కోడలి తొలి సేద్యం పొల్లుతో మొదలు కావడం ఆమె మనసు ఒప్పుకోలేదు. చాట తెచ్చి నాలుగు చెరుగులు చెరిగింది. పొల్లంతా ఎగిరి పెంటకుప్ప మీద పడింది. చాటలో బలమైన గింజలు ఆరు మిగిలాయి. ముందు రోజు అదే చాటలో పుంటికూర, అదే గోంగూర, విత్తులు చెరిగిన సంగతి, చాట అల్లికలో ఎప్పుడూ నాలుగైదు ఇరుక్కుంటాయన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ఆరింటినీ పొట్లంలో పోసి మడత పెట్టింది.

"బాగు చేసి పెట్టిన కోడలా. అంత పొల్లే ఉండె. పట్నపోళ్ళు మోసగాళ్ళు."

వారం లోపల తండా నుంచి బాల్‌సింగ్ బండి కట్టుకుని వచ్చి, ఏటా మాదిరిగానే ఆ పెంటను తన మిరప చేనుకు తోలుకుపోయాడు. బదులుగా కౌసల్యవ్వ చేను రెండు రోజులు దున్నిపెట్టాడు. మృగశిర రాగానే మిరుగు వాన కురిసింది. విమల మన్ను జల్లెడ పట్టి, ఇసుక కలిపి, ఆరు గింజలనూ వేలెడు లోతున పెట్టి, చేత్తో నీళ్ళు చిలకరించింది. ఆరుకు ఆరూ మొలిచాయి. అప్పుడు నాకు పిలుపు వచ్చింది.

"తమ్మి, జర చూసి చెప్పు. ఇది పట్నం చామంతేనా?" అంది కౌసల్యవ్వ.

నేను గొంతుక్కూర్చుని, ఆకు నలిపి, వాసన చూసి, కొంచెం సేపు ఆకాశం వంక చూశాను. "ముమ్మాటికి పట్నం చామంతే."

"ఆకు పుంటికూర తీరున్నది కద మామా" అంది విమల నెమ్మదిగా.

"పసితనంల పిల్లలందరు ఒక్క తీరుగనే ఉంటరు బిడ్డా. పెరుగనియ్యి."

నా మాట ఊరి మాట అయింది. విమల చుట్టూ కంపతో దడి కట్టింది. మొక్కలు జానెడు కాగానే, పక్క కొమ్మలు వేయాలని కొసలు తుంచింది. పొద్దున్నే తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడిచేది. బడి నుంచి సదానందం సారు అయిదో తరగతిని వరసలో తీసుకొచ్చి ఆకు బొమ్మ గీయించాడు. 'మన ఊరికి వచ్చిన కొత్త పూల మొక్క' అని బోర్డు మీద రాశాడు. కౌసల్యవ్వ ఆ దడి పక్కనే కూర్చుని, అంగట్లో తెచ్చిన పుంటికూర తుంచుతూ, "మన చామంతి ఆకు దీనికన్న నున్నగున్నది" అనేది.

మొక్కలు మోకాలెత్తు వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. అది పుంటికూర. నడక నేర్చిన పిల్లకు కూడా తెలిసే పుంటికూర. ఆవుల సంగతి కూడా నిజం కాదు. అవి ఏనాడూ నా మొహం చూడలేదు. కానీ సారు బోర్డు మీద రాసిన తర్వాత నేను నోరు విప్పితే బడి మీద గౌరవం ఏం కావాలి? ఊరుకున్నాను. ఊళ్ళో చాలామంది నాలాగే ఊరుకున్నారని తర్వాత తెలిసింది.

పెత్రమాస అయిదు రోజులుందనగా, పొద్దున లేచి చూస్తే ఆరింట్లో రెండు మొక్కలు లేవు. దడి సందు చేసి ఉంది. విమల ఏడవలేదు. మిగిలిన నాలుగింటినీ ఆకు ఆకు వెతికింది. ఒక్క మొగ్గ లేదు.

"దూడకు గుంజ చెక్కిపిద్దునా అత్తమ్మా" అని మాత్రం అడిగింది.

ఆ మాట కౌసల్యవ్వకు ఎక్కడో తగిలింది. జాగ తనకు దక్కబోతున్నదన్న సంతోషం పోయి, కోడలి మొక్క తిన్నవాడి మీద కోపం వచ్చింది. ఆ దిక్కు మేక పోతుంటే చూసినట్టు నేను చెప్పాను. ఊళ్ళో మేకలు తిప్పేది బాల్‌సింగ్. పొద్దెక్కేసరికి గ్రామ పంచాయతీ అరుగు మీద సర్పంచ్ వెంకట్రాం కూర్చున్నాడు.

"నా మేక కట్టేసున్నది పటేలా" అన్నాడు బాల్‌సింగ్. "మేక కొరికితే ఆకు పోతది, మొదలు ఉంటది. గిది కొడవలి పెట్టి కోసినట్టున్నది."

"ఈయన చూసిండంట కద" అన్నాడు సర్పంచ్ నన్ను చూపిస్తూ. నేను దూరంగా ఎగురుతున్న కొంగలను చూస్తున్నాను.

"నాకు తప్పు పైసలు కట్టుడు వద్దు" అంది కౌసల్యవ్వ. "నా కోడలికి అసుంటి పూల విత్తులే పట్నం నుంచి తెచ్చియ్యాలె. అంతే."

"ఏం పువ్వో చూపెట్టుండ్రి, తెస్త" అన్నాడు బాల్‌సింగ్.

విమల కొంగు ముడి విప్పి, నాలుగు నెలలుగా దాచుకున్న ఖాళీ పొట్లం ఇచ్చింది. బాల్‌సింగ్ బొమ్మను దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"దీనికి పట్నమెందుకు? మా చేన్ల మస్తున్నయి."

సర్పంచ్ చెప్పులు వేసుకున్నాడు. వెనక ఊరు కదిలింది.

బాల్‌సింగ్ మిరప చేను ఆ రోజు ఎలా ఉందో చెప్పడానికి నా బడి చదువు చాలదు. పెంట కుప్పలు పోసిన చోటల్లా, మిరప సాళ్ళ మధ్య నడుమెత్తు మొక్కలు. సోంపు లాంటి సన్నటి ఆకు, దాని పైన గాలికి ఊగే గులాబీ పూలు, తెల్ల పూలు. ఒక్కో దాని నడుమ పసుపు బొట్టు పెట్టినట్టు. సీతాకోకలు వాలడానికి చోటు వెతుక్కుంటున్నాయి. బాల్‌సింగ్ పెళ్ళాం లాలి ఒక మొక్కకు కర్ర కడుతూ తలెత్తి చూసింది.

"లాలీ, ఇయి ఎక్కడియి?" అంది కౌసల్యవ్వ.

"మీ పెంటల నుంచే మొలిచినయి అవ్వా. కలుపు తీస్తుంటె చేతికి వచ్చినయి. ఆకు చూస్తే పీక బుద్ధి కాలే. పెరిగి ఏం చేస్తదో చూద్దామనుకున్న."

చూద్దామనుకున్నది అంతటితో ఆగలేదు. పడిపోయిన మొక్కకు కర్ర పాతింది. కొస తుంచి గుబురు చేసింది. వాడిన పువ్వును వాడినట్టే తెంపితే కొత్త మొగ్గ తొందరగా వస్తుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. చిన్నప్పుడు తండా ఆడపిల్లల తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ నారు పోసి, తొమ్మిది రోజులు ముప్పూటలా నీళ్ళు పోసి పెంచిన చేతులవి. మొలకెత్తినదాన్ని వదిలేయడం ఆ చేతులకు రాదు. మేమంతా కలిసి ఒక కూర మొక్కకు కాపలా కాస్తుంటే, ఆమె ఒక్కతే, పేరు తెలియని పూలను పూయించింది.

కౌసల్యవ్వ ఒక ఎండిన పువ్వును తెంపి అరచేతిలో నలిపింది. సన్నటి నల్లటి పుల్లలు రాలాయి. వాటిని కోడలి అరచేతిలో పోసింది.

"కోడలా, నీ విత్తనం చెరిగి పారబోసింది నేనే" అంది. "పొల్లనుకున్న."

అత్త నోట తప్పు ఒప్పుకునే మాట విమల అయిదేళ్ళలో వినలేదు. కొంగు సర్దుకుంది.

"పెత్రమాస నాటికి పువ్వు పూయాలె అన్న. ఏడ పూయాలెనో అనలే. పూసింది. జాగ నీదే."

"మరి దూడను ఏడ కడ్తవత్తమ్మా?"

"నా మంచానికి కట్టుకుంట. నీకెందుకు?"

లాలి అప్పటికే ఒడి నిండా పూలు కోసి విమల ముందు నిలబడింది. "పూలు తీస్కపో అక్కా. గని విత్తులు ఎండినంక నువ్వే వచ్చి ఏరుకోవాలె. ఎట్ల విత్తాలెనో చూపిస్త. చాట మాత్రం తేకు."

ఆ ఏడు మా ఊళ్ళో బతుకమ్మ మీద తంగేడు, గునుగు వరసల నడుమ గులాబీ రంగు వరస ఒకటి లేచింది. జనగామ నుంచి వచ్చిన చుట్టాలు దాన్ని చూసి పాట మరిచిపోయారు. ఆడుతున్నప్పుడు లాలి చేయి పట్టుకుని వలయంలోకి లాగింది విమల కాదు, కౌసల్యవ్వ.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆవులు పోను, ఈ కథలో నేను కల్పించింది మేకను ఒక్కదాన్నే, అదీ ఇప్పుడు కాదు, ఆ నాడు పంచాయతీ అరుగు మీద. బాల్‌సింగ్ చెప్పినట్టు మొదలు కొడవలితోనే తెగింది. ఆ రెండు మొక్కలూ ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పప్పులో ఉన్నాయి; ఉప్పు కొంచెం తక్కువైంది.