పక్కింటి ముందు బస్‌స్టాప్

మా కాలనీకి సిటీ బస్సు మంజూరైంది. ఈ ఘనవిజయం వెనుక ఉన్నది కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శినైన నేనేనని వినయపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను. ఆరేళ్ల పాటు అర్జీలు రాశాను. ప్రతి అర్జీలోనూ ‘కాళ్లరిగేలా తిరుగుతున్న సామాన్యుడు’ అన్న మాట పడేలా చూసుకున్నాను. వాటిని కారులోనే తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి. నడిచి వెళ్తే చొక్కా ఇస్త్రీ నలుగుతుంది.

నిజానికి నాకు తెలిసిన సామాన్యుడు మా అక్కయ్య ఒక్కతే. మా మేడమీద గదిలో ఉంటూ, ఊరికి అటు చివరున్న ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మోకాళ్లు అరిగిపోయాయి. మెయిన్ రోడ్డు మీద బస్సెక్కాలంటే ఇరవై నిమిషాలు నడవాలి. నేను కారులో దింపేవాణ్ణే కానీ, సరిగ్గా ఆ వేళకే అర్జీలు రాసుకుంటూ ఉండేవాణ్ణి.

ఒక పొద్దున ఇంజనీరు గారు టేపు పట్టుకుని వచ్చారు. నాలుగు వీధులూ కొలిచి, చివరికి మా గేటు ముందు ఆగారు.

“స్టాపు ఇక్కడ బావుంటుందండీ. చెట్టు నీడ ఉంది, నాలుగు వీధులవాళ్లకీ దగ్గర.”

ఆయన ప్రతిభకు తల వంచాను. పన్నెండేళ్ల క్రితమే ఆ నీడను కనిపెట్టి నా కారు పెట్టుకున్నది నేనే. గేటు లోపల కారుకు చోటు లేకపోలేదు. అందులో సంఘం ఆఫీసుంది.

వెంటనే అత్యవసర సమావేశం ఏర్పాటు చేశాను. “బస్సు మన ఊపిరి. అయితే ఆ ఊపిరి ఎక్కడ పీల్చాలన్నది శాస్త్రీయంగా తేల్చాలి,” అని ఉపన్యసించి, పళ్ల డాక్టరు గారి గేటు మిక్కిలి శాస్త్రీయమని సూచించాను. హారన్ మోగితే తన చెయ్యి అదురుతుందనీ, ఆపై ఏ పన్ను ఊడినా బాధ్యత తనది కాదనీ ఆయన మనవి చేశారు. రిటైరైన హెడ్మాస్టారు, స్టాపులో నిలబడ్డవాళ్లు తమ కిటికీలోంచి లోపలికి చూస్తారన్నారు. లోపల ఏముందని ఎవరో అడిగితే, “ఏమీ లేదని తెలిసిపోతుంది కదా,” అన్నారు. తన అపార్టుమెంటు బోర్డు మీద పదేళ్లుగా ‘బస్సు సౌకర్యం కలదు’ అని రాయించి ఉంచిన బిల్డరు గారు, ఆ సౌకర్యం నిజంగా వస్తే ఫ్లాట్ల పరువు పోతుందని వాపోయారు. ప్రతివారూ బస్సును పొగిడాకే కూర్చున్నారు. వెనక వరసలో అక్కయ్య చెయ్యెత్తింది. ఎజెండాలో ప్రయాణికుల అంశం లేనందున అనుమతించలేదు.

బస్సు రావాలనీ, ఎవరింటి ముందూ ఆగరాదనీ ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఇంజనీరు గారు తీర్మానం రెండుసార్లు చదివారు. “అంటే, ఇళ్లు లేని చోట ఆపమంటారా?”

“ప్రజాభిప్రాయం అండీ,” అన్నాను.

కాలనీ గోడ దాటాక, మురుగుకాలువ పక్కన ఒక ఖాళీ జాగా దొరికింది. మా ఇంటి నుంచి పాతిక నిమిషాల నడక. రిబ్బను నేనే కత్తిరించాను. అక్కయ్య రొప్పుతూ వచ్చింది.

“ఒరేయ్, పాత స్టాపుకి ఇరవై నిమిషాలు, దీనికి పాతిక. దేనికి పొమ్మంటావు?”

“అదే అక్కయ్యా, ఇప్పుడు ఎంచుకునే స్వేచ్ఛ నీకు వచ్చింది.”

రెండు నెలలకు ‘ప్రజాదరణ కొరవడినందున’ బస్సును రద్దు చేశారు. ప్రజల మీద నాకు మొదటిసారి విసుగు పుట్టింది.

ఆ వారమే అక్కయ్య ఆసుపత్రి దగ్గర గది చూసుకుంది. పెట్టె ఆటోలోకి ఎక్కిస్తూ, “నీకు బస్సంటే ఇష్టమేరా. బస్సెక్కేవాళ్లంటేనే పడదు,” అంది. కోపంగా అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. మామూలుగా అంది.

సాయంత్రాలు మెట్ల మీద ఆగి ఆగి ఎక్కే అడుగుల చప్పుడు లేక ఇల్లు బోసిపోయింది. ఉండబట్టలేక ఆదివారం చూడబోయాను. ఆవిడ గుమ్మం ఎదురుగానే బస్‌స్టాప్. కారు ఆపడానికి జానెడు చోటు లేదు. వీధి చుట్టూ మూడుసార్లు తిరిగాను. తిరిగినప్పుడల్లా అక్కయ్య స్టాపు బెంచీ మీద ఎవరో పెద్దావిడతో నవ్వుతూ మాట్లాడుతూ కనిపించింది. ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

“మీ వీధిలో కారు ఆపే చోటే లేదక్కయ్యా.”

“బస్సులో రారాదూ?”

“మా వైపు బస్సేదీ?”

అటునుంచి బస్సొచ్చి ఆగిన చప్పుడు వినిపించింది.

తోబుట్టువును చూసుకునే వీలు కూడా లేని నగరంలో బతుకుతున్నాం. ముందుచూపు లేని ఈ అధికారులను పాఠకులు కూడా ముక్తకంఠంతో ఖండిస్తారని ఆశిస్తున్నాను. మీ కారు కూడా ఇప్పుడు గేటు బయటే ఉంటుంది కాబట్టి, నా బాధ మీకు వేరే చెప్పనక్కర్లేదు.