ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చిన ఆశువు

గొడవ అప్పటికే బాగా ముదిరింది. స్నానాలగది లోపల ఆయన, బయట ఆవిడ, మధ్యలో గడియ వేసిన తలుపు. సాయంత్రం కచేరీకి ఇంట్లోవాళ్ళెవరూ రానక్కర్లేదని ఆయన లోపలి నుంచి అంటున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్క కచేరీకీ పిలవలేదని, ఇవాళ పిలవకపోయినా వచ్చి తీరతామని ఆవిడ బయటి నుంచి అంటోంది. ఆవిడ భుజంమీద తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె ఉన్నాయి కాబట్టి ఆ వాదనలో స్నానం సంగతి కూడా కొంత కలిసింది.

"కాస్త ఆగు, పనిలో ఉన్నాను," అన్నాడాయన.

"ఏం పనండీ? రోజూ వాయించేదేగా."

రోజూ వాయించేది కాదనీ, వాయిద్యం గొంతు సరిచూసుకుంటున్నాననీ కొంచెం పౌరుషంగా జవాబు వచ్చింది. ఆవిడ తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన వాయించేది శాక్సోఫోన్. ఆ పేరు నోరు తిరగక వీధివాళ్ళు ఆయన్ని బూరాయన అంటారు. నలుగురు మనుషుల జాజ్ బృందంలో ఆయన ఒకడు. పియానో మాస్టారు అందులో పెద్దతలకాయ. డ్రమ్ములు వాయించేది బూరాయన బావమరిది. నాలుగో మనిషి ఎత్తుగా ఉంటాడు, తనకన్నా ఎత్తయిన, బేస్ అనే తంతివాయిద్యం వాయిస్తాడు, మాట్లాడడు.

జాజ్‌లో ఒక పద్ధతి ఉంది. ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు. తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరూ ఆ పాట పట్టుకుని, అప్పటికప్పుడు మనసుకి ఏది తోస్తే అది వాయిస్తారు. దాన్ని సోలో అంటారు. అది ఇంట్లో తయారుచేసి తెచ్చేది కాదు. మన అవధానుల్లాగా ఆ క్షణంలో, ఆ జనం ముందు పుట్టాలి. బూరాయనకి కుర్రతనం నుంచీ అలాగే పుట్టేది. కిందటి నెల ఒక హోటల్లో మాత్రం పుట్టలేదు. తన వంతు వచ్చింది, లేచి నిలబడ్డాడు, బుర్రలో ఏమీ లేదు. చేసేది లేక మొదట వాయించిన పాటనే మళ్ళీ వాయించి కూర్చున్నాడు.

"వెనక వరసలోవాళ్ళు సరిగ్గా వినలేదని మళ్ళీ వినిపించావా బావా?" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. బూరాయన కూడా నవ్వాడుగాని ఆ రోజు నుంచి ఒకటే భయం పట్టుకుంది. ఇంక తనకి ఎప్పటికీ ఏమీ తోచదేమోనని.

ఇవాళ సాయంత్రం సంగీతోత్సవం నిర్వాహకురాలు వాళ్ళ కచేరీ వినడానికి వస్తోంది. ఆవిడకి నచ్చితే ఉత్సవంలో పెద్ద వేదిక దొరుకుతుంది. నచ్చకపోతే పియానో మూత వేసేసి మనవలతో కాలక్షేపం చేసుకుంటానని మాస్టారు ముందే చెప్పేశాడు. అంటే బృందం అక్కడితో సరి. పైగా ఆ నిర్వాహకురాలికి ఒక పేరుంది. ఎవరైనా ముందే తయారుచేసుకున్న సోలో వాయిస్తున్నట్టు కనిపెడితే మధ్యలోనే చేతిసంచీ తీసుకుని లేచిపోతుందట.

అందుకని బూరాయన బాగా ఆలోచించి, అప్పటికప్పుడు తోచినట్టు ఉండే సోలో ఒకటి కొన్ని వారాలుగా తయారుచేసుకుంటున్నాడు.

ఎక్కడ గట్టిగా ఊదాలో, ఎక్కడ తగ్గించాలో ఒక్కటే కాదు, ఎక్కడ ఏమీ తోచనట్టు ఆగిపోవాలో కూడా నిర్ణయించుకున్నాడు. ఆగి, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి వెతకాలి. ఆ తర్వాత దొరికినట్టు ఒక చిరునవ్వు. ఆ నవ్వు మరీ పెద్దదైతే అనుమానం వస్తుందని అద్దం ముందు కొలత సరిచూసుకున్నాడు. ఇదంతా స్నానాలగదిలోనే జరిగింది. తలుపు మూస్తే ఏం వాయిస్తున్నదీ బయటికి తెలియదని ఆయన నమ్మకం. గోడలో పైన కిటికీ ఉందని, అది తిన్నగా వంటింటివైపు తెరుచుకుంటుందని ఆయనకి తట్టలేదు.

ఇంట్లోవాళ్ళు దాన్ని సంగీతమని అనుకోలేదు. గడియారంలాగా వాడుకున్నారు. మొదటి పెద్ద కూత వినగానే పెద్దావిడ, అంటే బూరాయన తల్లి, పొయ్యిమీద పాలు దించేది. కిందికి జరజరా జారే ముక్క రాగానే కూతురు పళ్ళు తోముకోవడం ఆపి నోరు పుక్కిలించేది. ముందుగదిలో బట్టలు కుట్టే ఆయన భార్య కాళ్ళు ఆ లయకే మిషను తొక్కేవి. ఆయన ఆగినప్పుడు ఆవిడ గుడ్డ తిప్పుకునేది. ఈమధ్య ఆ ఇంట్లో పాలు పొంగలేదు, పిల్ల బడికి ఆలస్యం కాలేదు, జాకెట్లకి కుట్టు వంకర పోలేదు.

ఆ పొద్దున వంటింట్లో కోడలు అత్తగారి దగ్గర తన బాధ వెళ్ళబోసుకుంది. నలుగురిలో మనల్ని చూపించుకోవడానికి ఆయనకి నామోషీ కాబోలంది. పెద్దావిడ చిక్కుళ్ళు ఒలుస్తూ నామోషీ కాదు, భయమని తేల్చింది.

"వాడికి గుర్తుండట్లేదే అమ్మాయ్. గుర్తుంటే అదే ముక్క రోజూ ఎందుకు వల్లె వేస్తాడు?"

కూతురు జడ వేయించుకోవడానికి వచ్చి నిలబడి, నాన్న రోజూ ఒకే చోట ఆగిపోతాడని చెప్పింది. దాంతో కోడలికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మొన్న తలుపు సరిగ్గా పడనప్పుడు ఆయన అద్దం ముందు కళ్ళు మూసుకుని ఆగిపోవడం, తర్వాత తనలో తనే నవ్వుకోవడం ఆవిడ చూసింది. అప్పుడు మనిషికి ఏమైందోనని హడలిపోయిందిగాని, ఇప్పుడు అర్థమైంది. మర్చిపోయింది గుర్తొచ్చినందుకు నవ్వుకున్నాడన్నమాట. పాపం, ఇంట్లోవాళ్ళ ముందు తడబడితే చిన్నతనమని రావద్దంటున్నాడు. పొద్దుటి కోపం అక్కడికక్కడ కరిగిపోయింది.

బూరాయన చిన్నప్పుడు బడిలో పద్యం చెబుతూ మధ్యలో మర్చిపోతే, ముందు వరసలో కూర్చుని అందించింది తనేనని పెద్దావిడ చెప్పింది. బహుమతి వచ్చిందని కూడా చెప్పింది. ఇవాళ కూడా అలాగే చేద్దామంది. ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. కోడలు డ్రమ్ములు వాయించే తన తమ్ముడికి ఫోను చేసి, బావకి తెలియకుండా ముందు వరసలో కుర్చీలు అట్టిపెట్టమంది. అతను ఎందుకని అడగలేదు. బావకి తెలియకుండా అనగానే అతనికి సగం పండగ అయిపోయింది.

మధ్యాహ్నం బూరాయన భోంచేసి ప్రశాంతంగా కునుకు తీస్తూ ఉంటే, ముందుగదిలో ముగ్గురూ చిన్న గొంతులతో సోలో మొత్తం ఒకసారి అనుకున్నారు. జారే ముక్కలో అత్తగారు ఒక మెలిక తప్పితే మనవరాలు దిద్దింది.

కచేరీ ఒక పుస్తకాల దుకాణం పైన ఉన్న హాల్లో. మడత కుర్చీలు, పక్కన కాఫీ యంత్రం, కిటికీల్లో ఇంకా మిగిలిన సాయంత్రపు ఎండ. బూరాయన వేదిక ఎక్కి జనంలోకి చూసేసరికి ముందు వరసలో తల్లి, భార్య, కూతురు ఇస్త్రీ బట్టల్లో కూర్చుని ఉన్నారు. తల్లి ధైర్యంగా ఉండమన్నట్టు తల ఊపింది. ఆవిడ పక్క కుర్చీలో నిర్వాహకురాలు కూర్చుని ఉంది. పెద్దావిడ అప్పటికే ఆవిడకి చెంగుముడి విప్పి ఒక లవంగం ఇచ్చింది.

"అక్కావాళ్ళు వస్తామంటే కాదనలేకపోయాను బావా," అన్నాడు బావమరిది, డ్రమ్ముల వెనక నుంచి. ఆ మొహంలో పశ్చాత్తాపం మచ్చుకి కూడా లేదు.

పాట మొదలైంది. నలుగురూ కలిసి వాయించడం అయింది. బూరాయన వంతు వచ్చింది. మొదటి ముక్కలు అనుకున్నట్టే నడిచాయి. పెద్ద కూత దగ్గర పెద్దావిడ చెయ్యి తనకి తెలియకుండానే పాలు దించడానికి లేచింది. తర్వాత ఆయన అనుకున్నచోట ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. తల పక్కకి వాల్చాడు. వెతకసాగాడు.

ముందు వరసలోంచి, నిక్కచ్చిగా, తర్వాతి ముక్క హమ్ చేస్తూ తల్లి గొంతు వినబడింది.

బూరాయన కళ్ళు తెరిచాడు. నవ్వు రాలేదు. అయినా తర్వాత రావాల్సింది అదే కాబట్టి, వేరే దారి లేక అదే వాయించాడు. హాల్లో మనుషులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈ ముసలావిడకి ముందే ఎలా తెలిసిందన్నట్టు నిర్వాహకురాలు పక్కకి తిరిగి చూసింది. బూరాయన కంగారులో ఒక భాగం వదిలేసి జారే ముక్కకి దూకాడు. దూకేలోపే కూతురు కూనిరాగంతో అక్కడికి చేరిపోయి ఎదురు చూస్తోంది. పోనీ చివరి ముక్కకి పోదామంటే, భార్య కాలు నేలమీద మిషను తొక్కుతున్నట్టు ఆ లయ పట్టేసింది. బావమరిది ఆ కాలు చూశాడు. ముసిముసిగా నవ్వుకుంటూ అదే లయని డ్రమ్ములమీదికి ఎత్తుకున్నాడు. బూరాయన ఏ సందు తిరిగినా ఎదురుగా సొంత ఇంటివాళ్ళే.

నిర్వాహకురాలి చెయ్యి కుర్చీ కింద ఉన్న చేతిసంచీ దగ్గరికి వెళ్ళడం ఆయన చూశాడు. పియానో మాస్టారు కూడా చూశాడు.

ఇంక మిగిలింది ఒక్కటే దారి. ఇంట్లో ఎవరికీ తెలియనిది వాయించాలి. కాని అలాంటిది ఆయనకీ తెలియదు. చేతికి దొరికిన స్వరం ఒకటి, ఆ పాటలో బొత్తిగా ఇమడనిది, గట్టిగా ఊదేశాడు.

"అది కాదు నాన్నా," అంది తల్లి, హాలంతా వినబడేట్టు.

జనం గొల్లుమన్నారు. బూరాయన చెవులు ఎర్రబడ్డాయి. కాని ఆ నవ్వుల మధ్య ఆ మాట ఆయనకి వేరేగా వినబడింది. మెల్లిగా మొదలై, 'కాదు' దగ్గర పైకి లేచి, 'నాన్నా' దగ్గర బుజ్జగింపుగా కిందికి వాలింది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే, ఎప్పుడూ విననట్టు విన్నాడు. శాక్సోఫోన్ ఎత్తి, ఆ మాటని ఉన్నదున్నట్టు ఊదాడు.

పెద్దావిడకి ఒళ్ళు మండింది. తను సాయం చేస్తుంటే వీడు వెక్కిరిస్తున్నాడని, "అది కాదంటుంటే," అంది ఇంకా గట్టిగా. ఆయన అదీ ఊదాడు. ఈసారి చివర ఒక మెలిక కలిపాడు. డ్రమ్ముల్లోంచి బావమరిది దానికి ఊ కొట్టాడు. ఎప్పుడూ నోరు విప్పని బేస్ మనిషి నవ్వుతూ కిందినుంచి ఆసరా ఇచ్చాడు. కాఫీ యంత్రం బుస్సుమంటే బూరాయన దానికీ బదులు చెప్పాడు. వెనక ఎవరికో దగ్గొస్తే అదీ పాటలోకి వచ్చింది. కుట్టుమిషను దారం తెగిన చప్పుడు, పిల్ల పుక్కిలించే చప్పుడు, తలుపు బయట నిలబడి "రోజూ వాయించేదేగా" అన్న భార్య గొంతులోని పుల్లవిరుపు, అన్నీ వచ్చాయి. ఆ చివరిదాన్ని భార్య గుర్తుపట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ భయం ఎప్పుడు పోయిందో ఆయనకి తెలియదు. కళ్ళు మూసుకోవాలని గాని, తల వాల్చాలని గాని గుర్తేలేదు. ఇంక చాలని పియానో మాస్టారు మూడుసార్లు సైగ చేస్తేగాని ఆపలేదు.

చప్పట్లు సద్దుమణిగాక నిర్వాహకురాలు వేదిక దగ్గరికి వచ్చింది. చేతిసంచీ భుజానే ఉంది. బూరాయన మొదటి సగం ఇంట్లో కంఠతా పట్టిందేనని తనే చెప్పేశాడు. ఆవిడ నవ్వింది. అంత వినయం పనికిరాదంది. మొదటి సగం అప్పటికప్పుడు పుట్టిందని ఎవరికైనా తెలుస్తుందట. తల్లి కాబట్టి కొడుకు మనసులో ఉన్నది ముందే పసిగట్టిందట. వెతుక్కోవడానికి ఆయన ఆగిన ఆ క్షణం తనని కదిలించిందట, కళ్ళు తుడుచుకోవడానికి చేతిసంచీలో రుమాలు కోసం కూడా వెతుక్కుందట.

"రెండో సగం మాత్రం మీరు, మీ అమ్మగారు కలిసి బాగా సాధన చేసినట్టున్నారు," అందావిడ. "అంత అతికినట్టు రావాలంటే ఊరికే వస్తుందా? అయినా చాలా బావుంది. ముందుగా తయారుచేసుకున్నది నాకు నచ్చడం ఇదే మొదటిసారి."

ఆ తర్వాత ఆవిడ పెద్దవేదిక సంగతి మాట్లాడటానికి పియానో మాస్టారి వైపు తిరిగింది. మాస్టారు బూరాయన నోరు తెరవకుండా కాలు తొక్కి పట్టి, ఆవిడ చెప్పినవాటన్నిటికీ సరేనన్నాడు. ఉత్సవానికి అమ్మగారు కూడా ముందు వరసలో కూర్చోవాలన్నది అందులో ఒకటి.

ఇంటికొచ్చి అందరూ అన్నాల దగ్గర కూర్చున్నారు. బావమరిది కూడా ఉన్నాడు. ఇవాళ తను అక్కడ లేకపోతే ఏమయ్యేదోనని పెద్దావిడ అప్పటికి రెండోసారి అంటోంది. ఆ ఒక్క స్వరం తప్ప మిగతాదంతా బాగానే వాయించాడని మెచ్చుకుంది కూడా. బావమరిది అక్కని ఉత్సవానికి మిషనుతో సహా వేదిక ఎక్కించమని సలహా ఇస్తున్నాడు. బూరాయన అందరి మాటలూ విన్నాడు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, మెల్లిగా చెప్పాడు.

"రేపటి నుంచి స్నానాలగదిలో వాయించను. ఇంట్లో స్వరాలు దిద్దుకుంటాను, అంతే. సోలో అక్కడికెళ్ళాకే. ఏది తోస్తే అది."

భార్య ఆయన వైపు ఒకసారి చూసి, అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వడ్డించింది. మరి తను పళ్ళు ఎంతసేపు తోముకోవాలని కూతురు అడిగింది. పెద్దావిడ తినడం ఆపి కొడుకు మొహంలోకి చూసింది.

"మరి పాలు?"

దానికి ఆయన ముందుగా ఏ జవాబూ తయారుచేసుకోలేదు.