చెప్పని మనవి

కుట్టుమిషనుకి నూనె వేస్తూ టైలరమ్మ దానికే ప్రసంగం వినిపిస్తోంది. "సోదరీమణులారా, శిష్యురాలంటే..." అంటుంది, చక్రాన్ని ఓసారి తిప్పుతుంది, మళ్ళీ "సోదరీమణులారా" దగ్గరికే వచ్చి ఆగుతుంది. మిషను ఓపిగ్గా వింటోంది. చిక్కంతా మనుషులతోనే. నలుగురికి మించి కనిపిస్తే చాలు, ఆమె నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. పోయినసారి సంఘంలో ప్రకటనలు చదవమని నిలబెడితే "అందరికీ" అని ఒక్క మాట పలికి కూర్చుంది. ఆ అందరికీ ఏమిటో సంఘానికి ఇప్పటికీ తెలియదు.

కానీ ఈసారి కూర్చుంటే కుదరదు. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల ముందు పది నిమిషాలు మాట్లాడమన్నారు పాస్టరు గారు. అది సవ్యంగా జరిగితే కొత్త విశ్వాసుల తరగతి ఆమెదే. జరక్కపోతే మైకు పిన్నికి వెళ్తుంది. మైకు పిన్ని సంఘపెద్ద గారి భార్య. ఒకసారి మైకు అందుకుంటే కరెంటు పోవాలి తప్ప ఆవిడ వదలదు. ఇప్పటికే మూడు తరగతులు ఆవిడ చేతిలో ఉన్నాయి. కొత్తగా వచ్చిన అమ్మాయిలు మాత్రం ఆరాధన కాగానే ఈ కుట్టుగదికే వస్తారు. గుండీలు కుట్టుకుంటూ, మెల్లగా, "అక్కా, ప్రార్థన ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. వాళ్ళ తరగతి కావాలని టైలరమ్మకు ప్రాణం లాగేస్తోంది.

"ముందే ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు పాస్టరు గారు. అందుకని ఆమె ఫోను తీసి నర్సక్కకు చెప్పని మనవి పెట్టింది. ఆ సంఘంలో అదొక ఆచారం. బయటికి చెప్పుకోలేని బరువుంటే "చెప్పని మనవి ఉంది" అంటే చాలు, ఒకరి నుంచి ఒకరికి ఫోన్లు వెళ్ళి అందరూ ప్రార్థిస్తారు. ఏమిటని మాత్రం ఎవరూ అడగకూడదు. ఊహించకూడదని ఎవరూ అనలేదు.

"అక్కా, చాలా భారంగా ఉంది, ప్రార్థన చెయ్యండి" అంది టైలరమ్మ గుసగుసగా.

"అలాగే తల్లీ. మీ ఆయన బాగున్నాడా?"

"పడుకున్నారక్కా. లేవలేదు."

ఆయన రొట్టెల వ్యాను నడుపుతాడు. ఈ వారమే రాత్రి డ్యూటీకి మారి, పొద్దున్నే వచ్చి, వెలుతురు పడకుండా తల నుంచి కాళ్ళదాకా దుప్పటి కప్పుకుని లోపలి గదిలో నిద్రపోతున్నాడు. ఆ డ్యూటీ సంగతి నర్సక్కకు తెలియదు. గుసగుస ఆయన నిద్ర కోసమేనన్నదీ తెలియదు.

నర్సక్క మైకు పిన్నికి ఫోను చేసింది. "నేనేం అడగలేదు పిన్నీ. మనిషి లేవట్లేదంది, అంతే. ఏడ్చి ఏడ్చి గొంతు కూడా పోయింది పాపం."

మైకు పిన్ని వడ్రంగన్నకు చేసింది. "ఇవాళో రేపో అన్నట్టుందట. నీకెందుకు చెప్తున్నానో అర్థమైంది కదా?"

అర్థమైంది. సంఘంలో బల్లలైనా, కిటికీలైనా, ఆఖరి పెట్టెలైనా చేసేది అతనే. పోయినసారి హడావిడిలో చేసిన పెట్టె పొట్టిదై అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఈసారి ముందే కొలత తీసుకోవడం మంచిదని టేపు జేబులో వేసుకున్నాడు.

టైలరమ్మ నూనెడబ్బా మూత పెట్టేలోపే గుమ్మం నిండా చెప్పులు. నర్సక్క, మైకు పిన్ని, పాటల బృందం మొత్తం, వెనకాల టీ ఫ్లాస్కులు, సంఘం హాల్లోని కుర్చీలు. అందరి మొహాలూ మెత్తగా, తడిగా ఉన్నాయి. సంగతి ఎలాగో పొక్కింది, తనచేత ప్రసంగం అలవాటు చేయించడానికి వచ్చారనుకుంది టైలరమ్మ.

"ధైర్యంగా ఉండాలమ్మా" అంది నర్సక్క ఆమె చెయ్యి పట్టుకుని. "ఎవరికైనా ఒకనాటికి తప్పదు."

"తప్పించుకుందామనే చూశానక్కా. కుదర్లేదు."

మైకు పిన్ని పక్కకు జరిగి, గొంతు తగ్గించింది. తగ్గించినా వీధి చివరిదాకా వినిపించింది. "ఎప్పుడనుకుంటున్నావే?"

"ఆదివారం పిన్నీ. ఆరాధన అయ్యాక."

"అంత కచ్చితంగా ఎలా తెలుసే!"

"పాస్టరు గారే చెప్పారు."

"దేవుడాయనకు ముందే బయలుపరిచాడన్నమాట!" పాటల బృందం ఒళ్ళు గగుర్పొడిచి కళ్ళు మూసుకుంది. "మరి... ఎక్కువసేపు బాధ ఉండదు కదా?"

"పది నిమిషాల్లో అయిపోవాలన్నారు. సాగదీయొద్దన్నారు."

బృందంలో ఎవరో వెక్కిళ్ళు పెట్టారు. దాంతో నెమ్మదిగా ఒక పాట ఎత్తుకున్నారు. అది మొదటిసారి ప్రసంగించబోయేవాళ్ళకు పాడే పాటలా లేదే అని టైలరమ్మ అనుకునేలోపు మైకు పిన్ని ఆమె భుజం తట్టింది.

"నువ్వేం దిగులుపడకు. ఈ పరిస్థితిలో నీకు వేరే పనులు పెట్టకూడదు. కొత్తవాళ్ళ తరగతి నేనే తీసుకుంటానని పాస్టరు గారికి ఇందాకే ఫోన్ చేసి చెప్పేశా. ఆ అమ్మాయిల్ని ఇకమీదట మా ఇంటికే పంపెయ్."

వద్దనడానికి టైలరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. గదిలో ఉన్నది నలుగురు కాదు మరి.

ఈలోగా వడ్రంగన్న "కిటికీ ఓసారి చూసొస్తా" అని లోపలి గదిలోకి జారుకున్నాడు. కిటికీ వైపు చూడనైనా లేదు. దుప్పటి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల దగ్గర టేపు ఆనించి, పాదాలదాకా లాగాడు. చల్లటి టేపు తగిలి దుప్పటి కదిలింది. వ్యాను డ్రైవరు ఒక కన్ను తెరిచి టేపును చూశాడు, వడ్రంగన్నను చూశాడు. ఎన్నాళ్ళుగానో పెళ్ళాన్ని కొత్త మంచం అడుగుతున్నాడు.

"ఇంకో జానెడు ఎక్కువ వెయ్యన్నా" అన్నాడు నిద్రమత్తులో. "కాళ్ళు బయటికొచ్చేస్తున్నాయి."

వడ్రంగన్న వేసిన కేకకు పాట తెగిపోయింది. అందరూ లోపలికి దూసుకుపోయారు. వ్యాను డ్రైవరు లేచి కూర్చునేసరికి మైకు పిన్ని "అద్భుతం! లేచాడు!" అని అరిచింది. నర్సక్క పరుగున వెళ్ళి నాడి పట్టుకుంది.

"రోజూ లేస్తూనే ఉంటానుగా!" అన్నాడాయన బిక్కమొహం వేసి. "ఏమే, వీళ్ళంతా ఎవరి కోసం వచ్చారు?"

"మీ కోసమేనండీ" అంది టైలరమ్మ. అప్పటికి ఆమెకు సంగతంతా అర్థమైంది. అర్థమయ్యాక లోపల ఏదో మూత ఎగిరింది.

"నా మనవి ఏమిటో తెలుసా? పదిమంది ముందు నోరు తెరవలేను, తెరిచేలా ప్రార్థించండని! నా మొగుణ్ణి పాతిపెట్టండని కాదు!"

"మేం అడక్కూడదు కదమ్మా..." అన్నాడు వడ్రంగన్న టేపు చుట్టుకుంటూ.

"అడక్కూడదు, టేపు పెట్టొచ్చా? ఒకరి భారం ఒకరు మోయమంది బైబిలు, కొలతలు తియ్యమందా అన్నా? ఆ పిల్లలు నా దగ్గరికెందుకొస్తారో తెలుసా పిన్నీ? వాళ్ళకి జవాబులు చెప్తాననా? నాకే సగం తెలియవు! ఏమ్మా, ఏమైందని అడుగుతా. అడిగి, వాళ్ళు చెప్పేదాకా కూర్చుంటా. ప్రభువు వెనక నడవడమంటే నాకు తెలిసింది అదే. ఎవరిదాకా అయినా వెళ్ళి, పక్కన కూర్చుని, వినడం!"

ఆమె ఆగలేదు. ఫ్లాస్కుల్లో టీ చల్లారింది. మైకు పిన్ని రెండుసార్లు నోరు తెరిచి, సందు దొరక్క మూసుకుంది. నర్సక్క కళ్ళు తుడుచుకుంది. చివరికి ఊపిరి కోసం టైలరమ్మ ఆగితే, గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. మైకు పిన్ని ఫోనుకు పరుగెత్తుకొచ్చిన పాస్టరు గారు, చేతిలో బైబిలుతో ఎప్పటినుంచో అక్కడే నిలబడి ఉన్నారు.

"ఆదివారం పది నిమిషాలు ఇచ్చాను" అన్నారాయన. "చాలవేమో. తరగతి నీదేనమ్మా. పిన్నీ, మీరూ వచ్చి కూర్చోండి. వినడం నేర్పుతుందట."

అందరూ కుర్చీలు మడిచి, తలలు వంచుకుని, ఒకరినొకరు "మీకేమైనా మనవులున్నాయా?" అని పైకే అడుగుతూ వెళ్ళిపోయారు.

వ్యాను డ్రైవరు మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. టైలరమ్మకు మాత్రం ఒంట్లో ఉత్సాహం ఆగడం లేదు. ఇన్నేళ్ళు లోపల దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా వరస కట్టాయి. మంచం ముందు నిలబడి, చేతులు ఊపుతూ, "సోదరీమణులారా!" అంది ఇల్లు అదిరేలా. ఆయన అటు తిరిగాడు. ఇటు తిరిగాడు. చెవులమీద దిండు పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ దిండు చంకలో పెట్టుకుని, లేచి, ఇంట్లోంచి బయటికి నడిచి, వ్యాను వైపు వెళ్ళిపోయాడు.

టైలరమ్మ అది గమనించలేదు. ఇంకా ఉపోద్ఘాతంలోనే ఉంది.